మధ్యయుగపు ఐరోపా కళారీతులు

కంటితో చూడవలసిన వస్తువును గూర్చి చెవికి చెప్పబూనుట కొంత సాహసమే. చిత్రపటమును చేత పట్టుకొని వివరించు సౌకర్యము రేడియో ప్రసంగమున లేదు. అయినను మన విషయమునకు ఈ లోపమే కొంత అనుకూలమైనది. ఈ కళ వర్ధిల్లిన కాలమున జనసామాన్యమునకు చదువు లేదు. కథను మొదట ఎవరో నోటితో చెప్పవలెను. పిమ్మట వారు గోడమీది బొమ్మను చూచి ఆ కథను జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. మనమును నేడు ఆ వరుసనే నడతము. మొదట విందము; బొమ్మలను పిమ్మట గ్రంథాలయమునందలి పుస్తకములలో చూచుకొందము.

పశ్చిమ రోము సామ్రాజ్యము 476లో కూలినది మొదలు పదునైదవ శతాబ్ది వరకు గల సుమారు వేయి సంవత్సరములను మధ్యయుగమని చరిత్రకారులు వ్యవహరింతురు. ఆ యుగమువారు తమ్ము మధ్యవారమని ఎన్నడును అనుకొనలేదు. ఆ పేరు తరువాత వచ్చినవారు పెట్టినది. ప్రాచీన గ్రీకు రోమను వైభవము ఒక వైపునను, తమ నూతన వికాసము మరియొక వైపునను ఉండగా, నడుమ గడచినదెల్ల చీకటియని వారు తలచిరి. 1550లో చిత్రకారుల జీవితములను గ్రంథముగా ప్రకటించిన ఇటలీ దేశస్థుడు వసారి, ఆ కాలపు కట్టడములను రోమును కొల్లగొట్టిన గోథు జాతికి అంటగట్టి నిందించెను. గోథిక్ అను పేరు అట్లు తిట్టుగా వాడుకకెక్కినదే. నిజమునకు ఆ రీతికిని గోథులకును ఎట్టి సంబంధమును లేదు.

ఇంత దీర్ఘమైన కథను పావుగంటలో చెప్పుటకు మేము ఒక ప్రశ్నను దారముగా ఎన్నుకొంటిమి. బీదవాడు ఆకలితో నుండగా దేవాలయపు గోడకు బంగారు పూయుట న్యాయమా? ఇది మేము నేడు కల్పించిన ప్రశ్న కాదు. సుమారు తొమ్మిది వందల ఏండ్లకు పూర్వము ఆ మతమునందలి మహాపురుషుడొకడే దీనిని వేసెను. ఆయన కడకు చేరుటకు ముందు కొంత దూరము నడువవలసియున్నది.

313లో రోమను ఏలికలు క్రైస్తవులకు మతస్వేచ్ఛ నొసగిరి. అంతవరకు భూగర్భ శ్మశానముల గోడలపై చిన్న చిన్న బొమ్మలు వ్రాసికొనినవారికి పెద్ద మందిరములు కావలసివచ్చినవి. రోమను దేవాలయపు మాదిరి వారికి పనికిరాలేదు. అందు గర్భగృహము దేవతామూర్తికి మాత్రమే. జనులు వెలుపల నిలుతురు. క్రైస్తవారాధనమునకు జనులందరును లోపల కూడవలెను. అందువలన వారు న్యాయవిచారణకును వర్తక వ్యవహారములకును వాడుచుండిన పొడవైన సభామందిరమును మాదిరిగా గైకొనిరి. పశ్చిమదేశపు పెద్ద చర్చిలన్నిటికిని ఆ సభామందిరమే మూలము.

తూర్పున కాన్‌స్టాంటినోపిలు రాజధానిగా రోమను ప్రభుత్వము ఇంకను వేయేండ్లు నిలిచెను. అచ్చటి కళను బైజాంటైను కళ యందురు. దానిని చూడగోరువారు ఇటలీలోని రవెన్నా నగరమునకు పోవలెను. అచ్చట 547లో ప్రతిష్ఠింపబడిన సాన్ వితాలె చర్చిలో జస్టీనియను చక్రవర్తియు, రాణి థియొడోరాయు పరివారముతో బారులు తీరి నిలిచియున్నారు. అవి కుంచెతో వ్రాసిన చిత్రములు కావు. గాజు, రాతి ముక్కలను గచ్చులో పొదిగి కూర్చిన మొజాయిక్ బొమ్మలు. పలుచని బంగారు రేకును రెండు గాజుపొరల నడుమ నుంచి పసిడి ముక్కలను చేసిరి. ఆ ముక్కలను సమతలముగా గాక కొంచెము వాలుగా పొదుగుటచే, దీపపు వెలుగు సోకినపుడు గోడ యంతయు మినుకుమినుకుమనును. ఆ మూర్తులకు బరువు లేదు, నీడ లేదు. విశాలమైన కన్నులు మాత్రము మనవైపే చూచుచుండును. దేహమును చిత్రించు నేర్పు లేక అట్లు చేసిరనుట పొరపాటు. భూలోకపు బరువును తొలగించుటయే వారి ఉద్దేశము.

బొమ్మ ఉండవచ్చునా అను వివాదము కూడ ఆ కాలముననే పుట్టెను. సుమారు 600లో మార్సెయి బిషప్పు సెరీనసు, జనులు బొమ్మలకు మ్రొక్కుచున్నారని తలచి వానిని పగులగొట్టించెను. పోపు గ్రెగొరీ ఆయనకు జాబు వ్రాసి మందలించెను. అక్షరము రానివారు గోడలను చూచి చదువుకొందురనియు, మ్రొక్కుట వేరు, నేర్చుకొనుట వేరనియు ఆయన వాదము. తూర్పున ఎనిమిదవ శతాబ్దిలో చక్రవర్తులే విగ్రహభంజనమునకు పూనుకొనిరి; నడుమ కొంత విరామముతో ఆ కలహము 843 వరకు సాగెను. పశ్చిమమున గ్రెగొరీ మాటయే నిలిచెను. బొమ్మ చదువురానివాని పుస్తకమను ఆ భావమే మనము వినబోవు శిల్పములకెల్ల పునాది.

పుస్తకమే బొమ్మయైన సందర్భమును కలదు. ఇంగ్లాండు ఉత్తరపు తీరమున లిండిస్‌ఫార్న్ అను చిన్న ద్వీపమునందలి మఠములో, సుమారు 700 ప్రాంతమున, సువార్తల ప్రతి యొకటి తయారయ్యెను. దానిని వ్రాసినది ఈడ్‌ఫ్రిత్ అను బిషప్పని పదవ శతాబ్దిలో చేర్చిన వ్రాత తెలుపుచున్నది. దూడచర్మమును నానవేసి, గీకి, చట్రమునకు బిగించి ఆరబెట్టి పుటలు చేసిరి. రాగిచిలుము నుండి పచ్చనిరంగును, తాళకము నుండి పసుపురంగును తీసిరి. ఒక్కొక్క అక్షరము అల్లిబిల్లి తీగలతోను, ఒకదాని తోకను మరియొకటి కొరుకు పక్షులతోను పుట యంతయు నిండియుండును. మన ముంగిటి మెలికల ముగ్గు చూచిన కన్నులకు ఆ అల్లిక క్రొత్తగా తోపదు. 793లో సముద్రపు దొంగలు ఆ మఠమును దోచిరి. గ్రంథము మాత్రము మిగిలి నేడు లండను నగరమున బ్రిటిష్ లైబ్రరీలో నున్నది. దాని తోడిదగు కెల్స్ గ్రంథము డబ్లిను నగరమున కలదు.

పదునొకండవ శతాబ్ది నాటికి పశ్చిమ ఐరోపాలో దాడులు తగ్గెను, సేద్యము పెరిగెను, యాత్రికులు స్పెయినులోని సంతియాగో వంటి పుణ్యక్షేత్రములకు గుంపులుగా నడువసాగిరి. దారి పొడుగున క్రొత్త చర్చిలు లేచినవి. కొయ్య కప్పులు మాటిమాటికి అంటుకొనుచుండుటచే శిల్పులు రాతితో కప్పు వేయ దొడగిరి. రాతి కప్పు గుండ్రని కమానువలె, నిలువున చీల్చిన గొట్టమువలె ఉండును. దాని బరువు క్రిందికి మాత్రమే గాక ప్రక్కలకు కూడ గోడలను త్రోయును. ఆ త్రోపుడును ఆపుటకు గోడలను మిక్కిలి దళసరిగా కట్టిరి. కిటికీలను చిన్నవి చేసిరి. లోపల చల్లదనము, చీకటి, కోటవంటి నిబ్బరము. ఈ రీతికి రోమనెస్క్ అను పేరు పందొమ్మిదవ శతాబ్దిలో వచ్చెను.

ఈ రీతియందు శిల్పము ద్వారముకడ నిలిచెను. ఫ్రాన్సులోని ఓతూన్ చర్చి ప్రధానద్వారము పైన అర్ధచంద్రాకారపు శిలాఫలకమున తుదితీర్పు దృశ్యము చెక్కబడియున్నది. అది సుమారు 1130 నాటిది. నడుమ క్రీస్తు, ఒక వైపున తక్కెడ, అందు తూగుచున్న ఆత్మ, తక్కెడను క్రిందికి లాగబూనిన దయ్యము, క్రింద సమాధుల నుండి లేచుచున్న జనులు. ఒకని తలను రెండు పెద్ద చేతులు పట్టి పైకి లాగుచున్నవి. ఆ దేహములు సాగదీసినట్లుండును, కొలతలకు లొంగవు. కాని ఆ భయము మాత్రము చూచువానికి తప్పక అంటును. క్రీస్తు పాదముల క్రింద జిస్లెబెర్తుసు దీనిని చేసెనని చెక్కబడియున్నది. అతడు శిల్పియో, చేయించిన దాతయో పండితులకు ఏకాభిప్రాయము లేదు. పదునెనిమిదవ శతాబ్దివారికి ఈ శిల్పము మోటుగా తోచెను. 1766లో దానిని గచ్చుతో కప్పివేసిరి. ముందుకు పొడుచుకొని వచ్చుచున్న క్రీస్తు తలను కొట్టివేసిరి. కొలది యేండ్లకే విప్లవము వచ్చి అనేక చర్చిల శిల్పములను ధ్వంసము చేయగా, గచ్చు క్రింద దాగిన ఇది మిగిలెను. 1837లో గచ్చును తొలగించిరి. ఆ తల వస్తుప్రదర్శనశాలలో దొరకగా 1948లో మరల అమర్చిరి. అనాదరమే ఒక్కొక్కప్పుడు రక్షకమగును.

ఇప్పుడు మన ప్రశ్నకు వత్తము. క్లేర్వో మఠాధిపతి బెర్నార్డు సుమారు 1125లో తన మిత్రునకు ఒక లేఖ వ్రాసెను. మఠముల ఆడంబరమును ఆయన అందు తీవ్రముగా ఖండించెను. చర్చి తన రాళ్లకు పసిడి తొడిగి, తన బిడ్డలగు బీదలను బట్టలేక విడుచుచున్నదని ఆయన వేదన. స్తంభములపై చెక్కిన కోతులు, సింహములు, సగము మనిషి సగము గుఱ్ఱమైన వింతరూపములు మునుల మనస్సును ధ్యానము నుండి మరల్చుచున్నవని ఆక్షేపణ. పామరజనులకు బొమ్మలు అవసరము కావచ్చునని ఆయన ఒప్పుకొనెను. సర్వమును త్యజించిన మునులకు ఇవి యేల అనునదే ఆయన ముఖ్యమైన ప్రశ్న.

ఆ కాలముననే పారిసు దాపునగల సెయిన్ దెనీ మఠమునకు సూజే అధిపతి. ఆయన వాదము దీనికి ఎదురు. దైవసేవకు లోకమునందలి శ్రేష్ఠమైన వస్తువులే తగునని ఆయన నమ్మకము. కంటికి కనబడు వెలుగు మనస్సును కనబడని వెలుగుకడకు కొనిపోవునని ఆయన బోధించెను. తన చర్చి తూర్పుభాగమును క్రొత్తగా కట్టించి 1144 జూను 11న రాజు సమక్షమున ప్రతిష్ఠ చేయించెను. గోథిక్ రీతి పూర్ణరూపమున ఉదయించినది ఆనాడే యని పలువురు చరిత్రకారుల అభిప్రాయము.

ఆ రీతిలోని క్రొత్తదనమేమి? మొనదేలిన కమాను అంతకు ముందే ముసల్మానుల కట్టడములలో కలదు. రాతి ఈనెల కప్పు 1093లో మొదలిడిన ఇంగ్లాండులోని డర్‌హాం చర్చిలో కలదు. సూజే పనివారు వీనిని ఒకచోట చేర్చిరి. అరటాకునకు ఈనెలవలె రాతి కప్పునకు ఈనెలు ఏర్పడగా, బరువంతయు ఆ ఈనెల వెంట దిగి స్తంభములపై నిలిచెను. ప్రక్క త్రోపుడును ఓర్చుటకు పిమ్మటివారు గోడకు వెలుపల చేయి చాపినట్లు గాలిలో నిలుచు ఊతకమానులను కట్టిరి. గోడకు మోయవలసిన బరువు తగ్గెను. మోయని గోడ యేల? దానిని తీసివేసి ఆ తావున గాజును నిలిపిరి. కోటవంటి చర్చి దీపపు సెమ్మెవంటిదాయెను.

ఆ గాజును గూర్చి ఒక మాట. ఇసుకను, బీచి చెట్టు కొయ్యబూడిదను కలిపి కరగించి, కోబాల్టుతో నీలమును, రాగితో ఎరుపును, మాంగనీసుతో ఊదాను తెప్పించిరి. ఎఱ్ఱగాజు దళసరియైనచో నల్లగా కనబడును గావున తెల్లగాజుపై పలుచని ఎఱ్ఱపొరను తొడిగిరి. ముఖములను, మడతలను నల్లని పూతతో గీచి ఆవములో కాల్చిరి. ఆ ముక్కలను సీసపు పట్టీలతో అతికిరి. ఈ పనులను పండ్రెండవ శతాబ్దివాడగు థియొఫిలసు తన గ్రంథమున విపులముగా తెలిపియున్నాడు. ఈ కిటికీలకు పరమావధి షార్త్ర నగరమున చూడవలెను. 1194లో ఆ చర్చి కాలిపోగా, ఇంచుమించు ముప్పది యేండ్లలోపుననే క్రొత్తది లేచెను. పాతవాటిలో మిగిలిన కొన్నిటితోపాటు నూటడెబ్బదికి పైగా కిటికీలు అచ్చట నున్నవి. 1939లో యుద్ధము వచ్చినపుడు వానిని విప్పి దాచి, యుద్ధానంతరము మరల అమర్చిరి.

షార్త్ర కిటికీల అడుగుభాగమున రొట్టెలు కాల్చువారు, చెప్పులు కుట్టువారు, బండిచక్రములు చేయువారు, రాతిపనివారు తమ తమ పనులలో నిమగ్నులై కనబడుదురు. వారే చందాలు వేసికొని భక్తితో ఆ కిటికీల నిచ్చిరని చాలకాలము పండితులు చెప్పుచుండిరి. ఇటీవలివారు కొందరు దీనిని శంకించుచున్నారు. ఆ బొమ్మలు పనివారి మాటను గాక, పనివారు ఎట్లుండవలెనని మతాధికారులు కోరిరో దానిని చూపుచున్నవని వారి వాదము. ఆ నగరముననే 1210లో జనులు మతాధికారులపై తిరుగబడిరి. రీము నగరమున ఈ వైషమ్యము ఇంకను స్పష్టము. అచ్చట 1233లో పౌరులు తిరుగబడి చర్చి అధికారులను తరిమివేయగా, 1236 వరకు నిర్మాణము నిలిచిపోయెను. ఆ ఆకాశమంటు గోపురముల క్రింద పన్నుల భారము, అప్పు, కోపము కూడ ఉండెనని మనము మరువరాదు.

ఎత్తులో పోటీయు వచ్చెను. ఆమియే చర్చి కప్పు 42 మీటర్ల ఎత్తునకు పోగా బోవే నగరమువారు 48 మీటర్లకు ఎక్కించిరి. 1284లో ఆ కప్పు కొంత కూలెను. తిరిగి నిలిపిరి. ఆపై కట్టిన ఉన్నత శిఖరము 1573లో పడిపోయెను. ముందరి మండపము నేటికిని లేదు. జర్మనీలోని కొలోను చర్చి 1248లో ప్రారంభమై, నడుమ శతాబ్దుల తరబడి నిలిచి, 1880లో పూర్తియయ్యెను. ఇటలీలోని సియెనా నగరమువారు 1339లో తమ చర్చిని అతివిశాలము చేయదలచిరి. 1348లో మహామారి వచ్చి జనులను తుడిచివేయగా ఆ పని ఆగెను. కప్పులేని ఆ గోడ నేటికిని అట్లే నిలిచియున్నది.

ఇటలీలో చిత్రకళ మరియొక మలుపు తిరిగెను. పాదువా నగరమున జొత్తో అను చిత్రకారుడు సుమారు 1305 నాటికి ఒక చిన్న ప్రార్థనామందిరపు గోడలను తడిసున్నముపై వ్రాసిన చిత్రములతో నింపెను. అందు క్రీస్తు మృతదేహముపై వంగి తల్లి ముఖమున ముఖముంచినది. ఇద్దరు స్త్రీలు మనకు వీపు త్రిప్పి కూర్చున్నారు. వారి ముఖములు మనకు కానరావు. వంగిన వీపులే వారి దుఃఖమును చెప్పును. దేహమునకు మరల బరువు వచ్చెను. దుఃఖము ఇంటి దుఃఖమాయెను. ఈ మందిరమును కట్టించిన స్క్రొవెన్యి వడ్డీ వ్యాపారపు సంపదకు వారసుడు. అతని తండ్రిని దాంతే మహాకవి తన కావ్యమున నరకములో వడ్డీవ్యాపారుల నడుమ కూర్చుండబెట్టెను. తండ్రి పాపమునకు ప్రాయశ్చిత్తముగా కొడుకు దీనిని కట్టించెనని పలువురు చెప్పుదురు. అదియే నిజమైనచో, ఎందరి కన్నీటి వడ్డీయో ఆ నీలాకాశమునకు రంగైనదని చెప్పవలెను.

అట్లయిన బెర్నార్డు గెలిచెనా? ఆయన ఆదర్శముతో కట్టిన ఫొంతెనే మఠపు చర్చి 1147లో ప్రతిష్ఠితమయ్యెను. అందు శిల్పము లేదు, రంగు లేదు, పసిడి లేదు. వట్టి రాయి, సరియైన కొలతలు, కిటికీలోనుండి దిగు తెల్లని వెలుగు మాత్రమే. నేడు దానిని చూచువారు ఎంతటి సౌందర్యమని నివ్వెరపోవుచున్నారు. సౌందర్యమును వలదన్నవాని ఇంటను అది వచ్చి కూర్చుండెను. కనుక తగవు అందమునకును ఆకలికిని కాదు. ఎవరి సొమ్ముతో, ఎవరి సమ్మతితో, ఎవరి కడుపు నింపుచు కట్టితిమి అనునదే తగవు.

ఈ ప్రశ్నకు మన దేశముననే ఒక చక్కని ఉదాహరణము కలదు. తెలంగాణమున మెదకు పట్టణమునందలి చర్చి ఆ గోథిక్ రీతిననుసరించి కట్టినదే. 1914లో ప్రారంభమై 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగెను. కరవునాళ్లలో ఆకలిగొన్నవారికి పనియు, పనికి బదులు అన్నమును కల్పించుటకై పాస్నెట్ అను మతాచార్యుడు దీనిని తలపెట్టెనని ప్రతీతి. అందలి రంగుగాజు కిటికీలకడ నిలిచినవారికి మేము ఇంతవరకు చెప్పిన వెలుగు అట్టె అవగతమగును. పారిసు పోనక్కరలేదు. రాళ్లు మోసినవారు ఆ పూట అన్నము తినిరనుటయే బెర్నార్డునకును సూజేకును ఒకేమారు చెప్పదగిన సమాధానమని మా తలంపు.

పారిసునందలి నోత్రదాం చర్చి కొయ్యకప్పు 2019 ఏప్రిలు 15న కాలిపోయెను. మధ్యయుగపు ఓకు దూలముల అడవియే బూడిదయ్యెను. దానిని మరల నిలుపుటకు వడ్రంగులు గొడ్డళ్లతో దుంగలను చెక్కు పాత పద్ధతిని అభ్యసించిరి. 2024 డిసెంబరులో ఆ చర్చి తలుపులు తెరచిరి. ఎనిమిది శతాబ్దులనాటి పనివారి చేతివాటమును తెలిసికొనుటకు నేటివారు మరల ఆ పనిముట్లనే పట్టవలసివచ్చెను. మధ్యయుగమును చీకటియుగమనుట ఎంత తొందరపాటో దీనివలన తెలియుచున్నది. ఆ యుగమున ఆకలి ఉండెను, అన్యాయమును ఉండెను. కాని వాని నడుమ నిలిచి, బరువును ఈనెలపైకి మళ్లించి, గోడకు మారుగా వెలుగును నిలిపిన చేతులును ఉండెను. ఆ చేతులలో అధికభాగము పేరులేనివి. కట్టించినవారి పేర్లను చదువునపుడు కట్టినవారిని తలంచుకొనుట మన కనీసధర్మము.